మాట తోక తెంచిన దుబ్బన్న

అనగనగా ఒక అడవి. ఆ ఏడు దాని మీద మిడతల దండు పడింది. చిగురు కనబడితే చాలు, నమిలేస్తున్నాయి.

ఇంతలో స్పెయిన్ దేశపు కొంగలు అటుగా వస్తున్నాయని కబురొచ్చింది. మిడతలంటే వాటికి ప్రాణం. కానీ స్పానిష్ తప్ప మరో భాష రాదు. అతిథుల్ని పిలవాల్సింది అడవి పెద్ద. ఆ పెద్ద దుబ్బన్న అనే ఎలుగుబంటి. అతనికి నేర్పడానికి స్పానిష్ వచ్చిన గోరింక పంతులమ్మ ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నానా అని తరవాత తల పట్టుకుంది.

మొదటి రోజు ఓపిగ్గా చెప్పింది. "దుబ్బన్నా, కొమేర్ అంటే తినడం. రేపు జరిగేది చెప్పాలంటే ఆ మాటని కోయకు. మొత్తం ఉంచి, చివర తోక తగిలించు. కొమెరే, నేను తింటాను. కొమెరాస్, నువ్వు తింటావు. కొమెరా, అతను తింటాడు. కొమెరేమోస్, మేము తింటాం. కొమెరేయిస్, మీరు తింటారు. కొమెరాన్, వాళ్లు తింటారు."

దుబ్బన్న మాటని మధ్యకి కోసి "కొమే" అన్నాడు. సాయంత్రం దాకా అదే అన్నాడు.

రెండో రోజు అబ్లార్ అంటే మాట్లాడటమనీ, వివీర్ అంటే బతకడమనీ, వాటికీ ఆ ఆరు తోకలే సరిపోతాయనీ చెప్పింది. మళ్లీ ఆరు కొత్తవి నేర్వాలా అని అతను పేచీ పెట్టాడు. కొత్తవి కావు నాయనా, అవే అని పదిసార్లు చెప్పేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది.

మూడో రోజు దుబ్బన్న తేల్చేశాడు. "ఆరెందుకు పంతులమ్మా? 'కొమెరే' ఒక్కటి వచ్చుగా. మిగతాది వాళ్లే అర్థం చేసుకుంటారు."

తింటానూ తింటారూ ఒకటేనా అని ఆమె మొత్తుకుంది. అతను అప్పటికే తేనె వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.

కొంగలు రానే వచ్చాయి. ఇక్కడ బోలెడు మిడతలున్నాయి, మీరు కడుపునిండా తింటారు అని చెప్పాలి. దుబ్బన్న రెండు కాళ్ల మీద లేచి, నోరు బార్లా తెరిచి, "కొమెరే" అన్నాడు. కొంగలు బిక్కచచ్చిపోయాయి. వినబడలేదేమో అనుకుని అతను ముందుకొచ్చి ఇంకా గట్టిగా అన్నాడు.

నేను తింటాను అంటూ ఎలుగుబంటి మీదికొస్తుంటే ఎవరు నిలబడతారు? కొంగలన్నీ లేచిపోయాయి. పంతులమ్మ "కొమెరేయిస్, కొమెరేయిస్" అని అరుస్తూ రెక్కలు పడిపోయేదాకా వెంటపడింది. ఒక్కటీ వెనక్కి చూడలేదు.

వారం తిరిగేసరికి అడవిలో ఆకన్నది లేదు. దుబ్బన్న తల దించుకుని వచ్చాడు. "తప్పయింది పంతులమ్మా. వచ్చే ఏడు సరిగ్గా పిలుస్తాను. నేర్పండి."

ఆమెకి తిట్టడానికి కూడా ఓపిక లేదు. మోడు కొమ్మ మీద, ఎండలో కూర్చుని, మళ్లీ మొదటి తోక నుంచి మొదలుపెట్టింది.

నీతి: సగం నేర్చిన మాటతో పిలిస్తే, పిలుపు కూడా బెదిరింపవుతుంది.