రెండు తీరాల అడవిపంది

మోర్వాల్ దొరలకు ఫ్రాన్సులో ఒక కోట, ఇంగ్లండులో ఒక కోట ఉండేవి. ఆ రెండు దేశాల రాజులకు యుద్ధమొస్తే అన్న ఇటు, తమ్ముడు అటు చేరేవారు. ఎవరు గెలిచినా ఆస్తి ఇంట్లోనే ఉండేది. చచ్చేది మాత్రం ఊళ్ళోవాళ్ళు. దొరల తెలివే తెలివి!

ఈసారి కుట్టుపని చేసే పెరెట్ ఒక్కగానొక్క కొడుక్కి యుద్ధానికెళ్ళే వంతు వచ్చింది. వాడి చొక్కా మీద దొరల వంశచిహ్నమైన అడవిపందిని కుట్టి, ఆమె పెద్దదొర దగ్గరికి వెళ్ళింది.

"దొరా, అవతల చిన్నదొరవారి సైనికుల చొక్కాల మీద ఏముంటుంది?"

"ఇదే పంది. మా వంశం ఒకటే కదే!"

"పోయినేడు మీ జెండా మీది పందికి బురద అంటిందని మా మరిదిని కొరడాలతో కొట్టించారు. రేపు నా కొడుకు ఆ పందిని బల్లెంతో పొడిస్తే ఏం చేయిస్తారు?"

"అది యుద్ధం. తప్పులేదు."

"అయితే మోర్వాల్ పందిని పొడవొచ్చని ఊరందరికీ చాటింపు వేయించండి దొరా. నా ఒక్కదాని మాట ఎవరు నమ్ముతారు?"

దొర కిటికీలోంచి చూశాడు. బయట ఊళ్ళో మగాళ్ళంతా బల్లేలతో నిలబడి ఉన్నారు. ఆయన చెయ్యి తన ఛాతీ మీది బంగారు పందిని మెల్లగా కప్పింది.

"కోతల కాలం కదా పెరెట్," అన్నాడు మెత్తగా. "అందర్నీ పొలాలకి పొమ్మను. రాజుగారికి నేను చెప్పుకుంటాను. బల్లేలు మాత్రం ఇక్కడే పడేసి పొమ్మను."