ఇప్పమ్మ వీపు, రేవమ్మ నోరు

అనగనగా ఒక కొండ అడవి ఉండేది. మన కథ మాత్రం అక్కడ జరగదు. ఆ అడవిని వదిలి చాలా దూరం వెళ్ళిన ఒక ఎలుగుబంటి కుటుంబం కథ ఇది.

తండ్రి పేరు జులపయ్య. ఒళ్ళంతా జులపాలే కాబట్టి ఆ పేరు. తల్లి పేరు ఇప్పమ్మ. ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టింది. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దది పూస, చిన్నవాడు బొంతు. బొంతు ముడుచుకుని పడుకుంటే తల ఎటో కాళ్ళు ఎటో కన్నతల్లికి కూడా తెలిసేది కాదు.

ఆ కొండ మీది ఎలుగుబంట్లకు ఒక పద్ధతి ఉంది. పిల్లలు పెద్దయ్యేదాకా వాళ్ళను నేల మీద తిరగనివ్వరు. ఎక్కడికి వెళ్ళినా వీపు మీదే. ఎందుకంటే అక్కడ చిరుతపులులు ఎక్కువ. నేల మీద పిల్ల కనిపిస్తే చాలు, మెడ దగ్గర నోట కరుచుకుని పోతాయి. అందుకని అమ్మ అలిసిపోతే పిన్ని వీపు, పిన్నికి పని పడితే మేనత్త వీపు, మేనత్త విసుక్కుంటే అమ్మమ్మ వీపు. పిల్లలు ఒక వీపు మీంచి ఇంకో వీపు మీదికి దూకుతూనే పెరిగిపోయేవారు. పిల్లల్ని పెంచడం కష్టమని అక్కడ ఏ తల్లీ అనగా ఎవరూ వినలేదు.

ఒక ఏడు వానలు పడలేదు. పుట్టల్లో చెదలు లేవు. చెట్లకు పళ్ళు లేవు. అప్పుడు దేశాలన్నీ తిరిగి వచ్చిన కొంగ ఒకటి జులపయ్యతో ఇలా అంది.

"సముద్రం పక్కన మడ అడవి ఉంది. అక్కడ చెట్లు ఉప్పునీళ్ళలోనే నిలబడి ఉంటాయి. కొమ్మ కొమ్మకీ తేనెపట్టే. దించేవాళ్ళు లేరు. అక్కడివాళ్ళకు తేనెటీగలంటే చచ్చేంత భయం. నీకేమో ఒంటినిండా ఇంత బొచ్చు. నువ్వు వెళ్ళావంటే నిన్ను నెత్తిన పెట్టుకుంటారు."

ఎలుగుబంటిని నెత్తిన పెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుంది చెప్పండి. అయినా కొంగ మాట జులపయ్యకు నచ్చింది. పిల్లల కడుపు నిండాలి కదా. అందరూ బయల్దేరారు. అమ్మమ్మ పిల్లల తలలు నాకి నాకి వదిలింది. ఇప్పమ్మ కొండ కనుమరుగయ్యేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది. ఏడుపు ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

మడ అడవి కొంగ చెప్పినట్టే ఉంది. జులపయ్య రోజూ పొద్దున్నే చెట్లెక్కి తేనె దించేవాడు. అక్కడి జంతువులు తేనె తీసుకుని చేపలు, పీతలు, పళ్ళు ఇచ్చేవి. మంచి మాట కూడా చెప్పేవి. ఎలుగుబంట్లు జుర్రుమని చప్పుడు చేస్తూ తింటుంటే మొదట్లో చాటుగా నవ్వుకున్నా, తర్వాత అదీ అలవాటైపోయింది. తిండికి లోటు లేదు. చిరుతల భయం లేదు.

లేనిదల్లా వీపులే. పిన్ని వీపు లేదు, మేనత్త వీపు లేదు, అమ్మమ్మ వీపు లేదు. జులపయ్య వీపు రోజంతా చెట్టు మీదే ఉంటుంది. ఇద్దరు పిల్లలకూ కలిపి మిగిలింది ఇప్పమ్మ వీపొక్కటే.

పక్కనే కాలువ ఒడ్డున రేవమ్మ అనే నీటికుక్క ఉండేది. నీటికుక్క అంటే మొరిగేది కాదు. నీళ్ళలో ఈదుతూ చేపలు పట్టుకుని బతికే జంతువు. చాలా మంచిది. కాస్త ఎక్కువ మాట్లాడుతుంది, అంతే. దానికీ చిన్నపిల్లలున్నారు.

వచ్చిన కొత్తలో ఒక ఉదయం ఇప్పమ్మ కాలువ వైపు చూసి కొయ్యబారిపోయింది. రేవమ్మ నీళ్ళలోంచి పైకి వస్తోంది. దాని నోట్లో దాని సొంత పిల్ల వేలాడుతోంది. మెడ దగ్గర పళ్ళతో పట్టుకుంది. ఇప్పమ్మ గబగబా తన పిల్లల కళ్ళు మూసింది.

ఆ సాయంత్రం మొగుడితో చెప్పింది.

"ఏమయ్యా, ఆ పక్కావిడ పిల్లను నోట్లో పెట్టుకుని తిరుగుతోంది. కన్నపిల్లనే."

"వాళ్ళ పద్ధతి అదేమోలే" అన్నాడు జులపయ్య, కాళ్ళకు అంటిన మైనం గీక్కుంటూ.

"పద్ధతంటే పద్ధతిలా ఉండాలి. అది చిరుతలు చేసే పని."

"మరి మనం వీపు మీద మోస్తుంటే వాళ్ళేమనుకుంటున్నారో."

"ఏమనుకుంటారు? ముచ్చటపడతారు" అంది ఇప్పమ్మ.

ముచ్చటేమీ పడలేదు. సరిగ్గా అదే సమయంలో రేవమ్మ తన మొగుడితో అంటోంది, "పాపం, ఆ కొండావిడ పిల్లల్ని వెనకాల వేసుకుని తిరుగుతోంది. వెనకాల ఏం జరుగుతుందో తల్లికి ఎలా కనిపిస్తుంది?" అని. చూశారా పిల్లలూ, ఎవరి పద్ధతి వాళ్ళకు ముద్దు.

కొన్నాళ్ళకు రేవమ్మ వచ్చి పలకరించింది.

"వదినా, పిల్లల్ని కాసేపు ఇలా దింపరాదూ? మా వాళ్ళతో బురదలో ఆడుకుంటారు."

"వద్దులే వదినా, వాళ్ళకు బురద పడదు" అంది ఇప్పమ్మ. బొంతు అప్పటికే వీపు మీంచి సగం కిందికి జారి బురద వైపు ఆశగా చూస్తున్నాడు. వాడిని పైకి లాగేసింది.

ఇంకోసారి రేవమ్మ లేత చేపలు తెచ్చింది.

"వదినా, నువ్వు హాయిగా నడుం వాల్చు. పిల్లలకు నేను తినిపిస్తాను."

"ఇప్పుడే తిన్నారు వదినా" అంది ఇప్పమ్మ. పూస కడుపు గుర్రుమంది. ఇప్పమ్మ విననట్టు నటించింది.

తర్వాత ఒకసారి ఇప్పమ్మకు జ్వరం వచ్చింది. ఒళ్ళు కాలిపోతున్నా ఇద్దరినీ వీపున వేసుకునే కూర్చుంది. రేవమ్మకు మనసాగలేదు.

"ఈ ఒక్క పూటైనా మా ఇంట్లో వదులు వదినా. కంటికి రెప్పలా చూసుకుంటాను."

ఇప్పమ్మకు ఇవ్వాలనే అనిపించింది. అంత అలసటగా ఉంది. కానీ రేవమ్మ మాట్లాడుతుంటే దాని తెల్లటి సన్నటి పళ్ళు కనిపించాయి. "వద్దు వదినా, తగ్గిపోతుందిలే" అనేసింది.

రేవమ్మ ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత అడగడం మానేసింది. ఇప్పమ్మకు మాత్రం రాత్రి అయితే వీపు నొప్పికి కన్నీళ్ళొచ్చేవి. పిల్లలు రోజురోజుకూ బరువెక్కుతున్నారు. పిల్లలు బరువెక్కితే సంతోషించాల్సిన తల్లి దిగులుపడేది. పాపం, అది దాని తప్పు కాదు. అంతమంది చేసే పని ఒక్కతే చేస్తోంది.

ఒకరోజు ఇప్పమ్మ ఈతపళ్ళ కోసం బురదనేల దాటి అవతలి మిట్టకు బయల్దేరింది. కాలువలోంచి రేవమ్మ తల పైకెత్తింది.

"వదినా, ఇవాళ పెద్ద పోటు. సముద్రం లోపలికి వస్తుంది. తొందరగా తిరిగొచ్చెయ్."

"అలాగే వదినా" అంది ఇప్పమ్మ. కానీ ఆ మాట దానికి ఎక్కలేదు. దాని కొండ మీద నీళ్ళకు ఒకటే దారి, కిందికి. కిందికి పోయిన నీళ్ళు మళ్ళీ పైకి రావడం అది ఎన్నడూ చూడలేదు. మడ అడవికి వచ్చాక కూడా ఇల్లు గట్టు మీద కట్టుకుంది కాబట్టి, ఈ పోట్ల గొడవ దాని గడప దాకా రాలేదు.

ఈతపళ్ళు బాగా పండాయి. పిల్లలు పైనుంచి అందుకుని తింటున్నారు, ఇప్పమ్మ కింద ఏరుకుని తింటోంది. అందరూ జుర్రుమంటూ తింటుంటే నీళ్ళ చప్పుడు వినపడలేదు. తల తిప్పి చూసేసరికి వచ్చిన దారి లేదు. బురద మీదంతా నీళ్ళు.

"గట్టిగా పట్టుకోండి" అని ఇప్పమ్మ నీళ్ళలోకి దిగింది. కాస్త దూరం బాగానే నడిచింది. తర్వాత ఒక ముందుకాలు దిగబడింది. దాన్ని లాగబోతే వెనక కాళ్ళు దిగబడ్డాయి. ఎంత గింజుకుంటే అంత లోపలికి పోతోంది. నీళ్ళు పొట్టకు తగిలాయి. అప్పుడు ఒక అల వచ్చింది. వీపు మీద చిన్నగా ఏదో తేలికైనట్టు అనిపించింది.

"అమ్మా, తమ్ముడు లేడు" అంది పూస.

ఇప్పమ్మ మెడ తిప్పి చూసింది. బొంతు నీళ్ళలో కొట్టుకుంటున్నాడు. చెయ్యి చాపితే అందడం లేదు. అంతలో నీళ్ళ కింది నుంచి ఒక నల్లటి తల వచ్చి బొంతును మెడ దగ్గర పళ్ళతో పట్టుకుంది.

చిరుతలున్న చోట పుట్టి పెరిగిన తల్లికి ఆ క్షణంలో ఏం తోస్తుంది? బొబ్బరించి పంజా విసిరింది. గోళ్ళు రేవమ్మ భుజాన్ని చీల్చాయి. నీళ్ళు ఎర్రబడ్డాయి.

రేవమ్మ ఒక్క మాట కూడా చెప్పలేకపోయింది. నోట్లో పిల్లవాడు ఉన్నాడు. "నేను కాపాడుతున్నాను" అని చెప్పడానికి నోరు తెరిస్తే పిల్లవాడు నీళ్ళపాలవుతాడు. అందుకని దెబ్బ తిని కూడా నోరు మూసుకునే ఉంది. ఎప్పుడూ వాగుతూ ఉండే రేవమ్మ, అన్నీ చెప్పుకోవాల్సిన సమయంలో నోరు విప్పలేదు. బొంతుతో సహా ఈదుకుంటూ వెళ్ళిపోయింది.

ఇప్పమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. రేవమ్మ నోట్లో తన బిడ్డ దూరంగా వెళ్తున్నాడు. కాలు కదలదు. అంత దుఃఖం దానికి కొండ వదిలిన రోజు కూడా కలగలేదు.

రేవమ్మ ఒడ్డు చేరింది. బొంతును మెల్లిగా గడ్డి మీద పెట్టింది. రేవమ్మ పిల్లలు చుట్టూ మూగి వాడిని నాకారు. వాడు దగ్గాడు, నీళ్ళు కక్కాడు, ఆపైన "అమ్మా" అని పెద్దగా ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు కంటే తియ్యని చప్పుడు ఇప్పమ్మ ఎప్పుడూ వినలేదు.

రేవమ్మ మళ్ళీ నీళ్ళలో దూకింది. భుజం నుంచి రక్తం కారుతూనే ఉంది. పంజాకు అందనంత దూరంలో ఆగి అడిగింది.

"వదినా, రెండోదాన్ని ఇస్తావా?"

నీళ్ళు ఇప్పమ్మ మెడ దాకా వచ్చాయి. పూస తల్లి జులపాలు గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, ఆ అత్తకు పళ్ళున్నాయి."

"ఉన్నాయి తల్లీ" అంది ఇప్పమ్మ. "తమ్ముడికి ఒక్క గాటైనా పడలేదు చూడు. అవి నిన్ను జారిపోకుండా పట్టుకుంటాయి. భయపడకు."

అలా చెప్పి, పూసను తన చేత్తోనే వీపు మీంచి తీసి, రేవమ్మ నోటికి అందించింది.  

పూస కూడా ఒడ్డు చేరింది. ఇప్పుడు నోరు ఖాళీ అయింది కాబట్టి రేవమ్మ ఒడ్డు నుంచే కేకేసింది.

"నిలబడకు వదినా. నిలబడేకొద్దీ దిగబడతావు. పొట్ట మీద పడుకో. నీళ్ళే నిన్ను మోస్తాయి."

పిల్లలు వీపు మీద ఉంటే ఇప్పమ్మ పడుకోగలిగేది కాదు. ఇప్పుడు పడుకుంది. ముందుకాలు బురద నుంచి ఊడివచ్చింది. వెనక కాళ్ళు ఊడివచ్చాయి. అంత పెద్ద ఎలుగుబంటి పొట్ట మీద పాకుతూ, మడచెట్ల వేళ్ళు పట్టుకుంటూ, బురద ముద్దలా ఒడ్డుకు వచ్చి పడింది. పిల్లలిద్దరూ వచ్చి మీద పడ్డారు.

కబురు తెలిసి జులపయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇప్పమ్మ అతని చేతిలోని తేనెపట్టు లాక్కుని రేవమ్మ భుజానికి తేనె రాయడం మొదలుపెట్టింది. గాయం లోతుగానే ఉంది. చూస్తుంటే దానికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పయిపోయింది వదినా. పిల్లను కాపాడుతుంటే కొట్టాను."

"నీ గోళ్ళు ఇంత పొడుగని తెలిస్తే కాస్త అవతలగా ఈదేదాన్ని" అంది రేవమ్మ. తర్వాత మెల్లిగా చెప్పింది. "గోళ్ళ దెబ్బ మానిపోతుంది వదినా. జ్వరంలో ఉండి కూడా పిల్లల్ని నా దగ్గర వదలలేదు చూడు, ఆ రోజు మాత్రం చాలా ఏడిచాను."

 అది విని ఇప్పమ్మ తేనె రాస్తూ తనూ ఏడిచింది.

మర్నాటి నుంచి పిల్లలు బురదలో దిగారు. బొంతును అందులోంచి బయటికి తీయడమే కష్టమైపోయింది. పూస పీతల వెంట పడడం నేర్చుకుంది. రేవమ్మ చేపల వేటకు దూరం వెళ్ళేటప్పుడు దాని పిల్లలు ఇప్పమ్మ వీపెక్కేవారు. కొండ ఎలుగుబంటి వీపంటే ఆ పిల్లలకు పిచ్చి. దిగమంటే దిగేవారు కాదు. ఇప్పమ్మ వాళ్ళను మోసుకుంటూ కొండ కథలు చెప్పేది. వీపు నొప్పి పుడితే కాలువ వైపు తిరిగి "వదినా" అని పిలిచేది. రేవమ్మ వచ్చేది.

కొండ మీద బెంగ పూర్తిగా పోయిందని నేను చెప్పను. అమ్మమ్మ గుర్తొస్తే ఇప్పమ్మకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. కానీ ఏడుస్తుంటే పక్కన కూర్చోవడానికి ఒకరున్నారు.

ఒక సాయంత్రం బొంతు బురద కాళ్ళతో తల్లి ఒళ్ళోకి ఎక్కి అడిగాడు.

"అమ్మా, మన కొండలో నాకు అత్తలున్నారా?"

"బోలెడంతమంది ఉన్నారు నాన్నా."

"వాళ్ళు పిల్లల్ని నోట్లో పట్టుకుని ఈత కొట్టిస్తారా?"

"లేదు. వాళ్ళకు అది రాదు. వీపు మీద మోస్తారు, అంతే."

బొంతు తల్లి ఒళ్ళో ముడుచుకున్నాడు.

"పాపం, ఆ పిల్లలు" అన్నాడు.

నీతి: పిల్లల్ని పెంచడానికి తల్లి వీపొక్కటే చాలదు, అయినవాళ్ళకు దూరంగా ఉన్నప్పుడు పక్కవాళ్ళ పద్ధతి వేరుగా ఉందని వాళ్ళ ప్రేమను అనుమానించకూడదు.