గవరయ్య శెట్టి చంద్ర గడియారం

అనగా అనగా, ఓడలు రోజూ వచ్చిపోయే ముత్యాలరేవు అనే పట్నం. అందులో గవరయ్య శెట్టి అనే నగల వర్తకుడు. ఆయనకు రెండే వ్యసనాలు: చేతి గడియారాలు, ముక్కుపొడుం. అనుమానాన్ని వ్యసనం అనలేం లెండి, అది పుట్టుకతోనే వచ్చింది.

ఆ ఊరి గడియారాల రసికులు ప్రతి పున్నమికీ ఒక మేడ మీద చేరేవారు. తివాచీ పరుచుకుని, తమ గడియారాలు ఒకరికొకరు అందించుకుని, చెవి దగ్గర పెట్టుకుని మురిసిపోయేవారు.

ఒక పున్నమినాడు ఓడల వర్తకుడు మస్తానయ్య వింత గడియారం ఒకటి తెచ్చాడు. మీట జరిపితే చిన్న గంటలతో వేళ చెబుతుంది. దాని ముఖం మీది బుల్లి చంద్రుడు, ఆకాశంలో చంద్రుడితో పాటే పెరిగి తరుగుతాడు. మస్తానయ్య దాన్ని తన చిన్ననాటి నేస్తం గవరయ్య చేతికి తొడిగాడు.

"నీకోసమే తెచ్చాను గవరయ్యా, ఉంచుకో."

ఆ రోజు గవరయ్యకు అన్నం సహించలేదు. 'ఇంతటి వస్తువు ఊరికే ఎవడిస్తాడు? పైన పటారం, లోన లొటారం కాదు కదా?' తలుపు గడియపెట్టి, గడియారం వెనక మూత విప్పి, పొడుం పీలుస్తూ చక్రాలన్నీ పరీక్షించాడు. తప్పేమీ కనబడలేదు. కనబడనందుకు అనుమానం ఇంకా పెరిగింది.

రెండో పున్నమికి ఆకాశంలో చంద్రుడు నిండాడు. గడియారంలో చంద్రుడికి మాత్రం అంచు వెలితిగా ఉంది. 'అనుకున్నంతా అయింది. లేదా, చేతులు మారేటప్పుడు ఎవరైనా చక్రం మార్చేశారేమో!' మళ్లీ విప్పాడు. మళ్లీ పొడుం పట్టాడు. ఆ తర్వాత గంటలు బొంగురుపోయాయి.

మూడో పున్నమికి గడియారం ఆగిపోయింది. గవరయ్య దాన్ని తివాచీ నడుమ పెట్టాడు.

"నేస్తం కదా అని నమ్మితే, నాకు నకిలీ అంటగట్టాడయ్యా."

నకిలీ తెచ్చినవాడికి ఆ తివాచీ మీద చోటుండదు. రేవులో అతని మాటకు విలువ ఉండదు. మస్తానయ్య ముఖం వాడిపోయింది.

"దీన్ని ఎప్పుడైనా విప్పావా?" అని అడిగాడు.

"విప్పడానికి నాకేం పని?" అన్నాడు గవరయ్య తొణక్కుండా.

మస్తానయ్య తెల్లగుడ్డ పరిచి, మూత తీసి, మెల్లగా తట్టాడు. చక్రాల సందుల్లోంచి గోధుమరంగు పొడి రాలింది. చూద్దామని వంగిన పెద్దమనిషి తుమ్మాడు. ఆయన పక్కవాడు తుమ్మాడు. ఆ వరస మొత్తం తుమ్మింది. తుమ్మనివాడు గవరయ్య ఒక్కడే. అందరి చూపులూ ఆయన బొడ్లోని పొడుం డబ్బీ మీద పడ్డాయి.

గవరయ్య సిగ్గుతో తల వంచుకున్నాడు. మస్తానయ్య చక్రాలు శుభ్రం చేసి, కీ ఇచ్చి, చంద్రుణ్ణి సరిచేసి, గడియారం తిరిగి ఆయనకే ఇచ్చాడు.

"ఇది అసలుదే. నన్ను అడిగుంటే నేనే విప్పి చూపించేవాణ్ణి కదా" అన్నాడు.

నాలుగో పున్నమికి ఇద్దరు చంద్రులూ నిండుగా ఉన్నారు. గంటలు కమ్మగా మోగాయి. వినమని గవరయ్య గడియారాన్ని పక్కకు అందించబోయాడు. పక్కన మస్తానయ్య లేడు. తివాచీ అవతలి కొసన, తనను నమ్మేవాళ్ల నడుమ కూర్చున్నాడు.

అందుకే పిల్లలూ, అనుమానంతో పదే పదే విప్పి చూసేవాడు, లేని తప్పును తన చేత్తోనే లోపల పెడతాడు.