నక్షత్రం వెంట ఎలీసమ్మ మంచం

కొత్తలంకలో ఎవరైనా తెలివి మాట ఎత్తితే చాలు, తాళ్ళూరి అన్నదమ్ములు ముగ్గురూ గుమ్మంలోకి వచ్చి నిలబడేవారు, తమనే పిలిచారనుకుని. పెద్దవాడు ఇస్సాకు, నడిపివాడు గిద్యోను, చిన్నవాడు తీతు. ఇస్సాకు పెళ్ళాం సలోమి కాపురానికి వచ్చిన మూడోనాడే, "ఇంత తెలివి మా పుట్టింట్లో చూడలేదు" అని ఒప్పేసుకుంది. ఆవిడ పుట్టింటి సంగతి ఇప్పుడెందుకులెండి, పండగ కథ చెప్పుకుంటున్నాం కదా.

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, వానాకాలంలో ఇల్లు కారుతోందని నలుగురూ బయటికొచ్చి వానలో నిలబడ్డారు. "బయటైతే తడుస్తాం అంతేగా, ఇల్లు కారుతోందన్న బెంగ ఉండదు" అన్నాడు ఇస్సాకు. వీధిలోవాళ్ళు నోరు వెళ్ళబెట్టి చూశారు. మెచ్చుకుంటున్నారనుకున్నారు వీళ్ళు.

ఆ ఇంట్లో ఐదో మనిషి తల్లి ఎలీసమ్మ. ఆవిడకి కాస్త తెలివుంది గానీ ఎప్పుడూ బయటపెట్టేది కాదు, పిల్లలు చిన్నబుచ్చుకుంటారని.

ఆ ఏడాది వాళ్ళకి ఏదీ కలిసిరాలేదు. గాలివానకి అరటితోట పడిపోయింది. పాలిచ్చే గేదె చచ్చిపోయింది. ఇంటి కప్పు ఎగిరిపోయి కాలవలో తేలింది. ఎలీసమ్మ రోజూ కాసిని నూకలు జావ కాచి, నలుగురికీ పోసి, "నాకు ఆకలి లేదు, మీరు తాగండి" అనేది. అమ్మ చెప్పిన మాట కదా, వీళ్ళు నమ్మేశారు. నమ్మి ఊరుకున్నారా, "మా అమ్మకి ఆకలే వెయ్యదు తెలుసా" అని ఊరంతా గొప్పగా చెప్పుకు తిరిగారు.

ఆ గొప్ప ఒకరోజు పాస్టరమ్మ చెవిన పడింది. ఆవిడ ఇస్సాకుని పట్టుకుని నిలేసింది.

"ఒరే, ఆకలి వెయ్యని మనిషి ఎక్కడైనా ఉంటుందట్రా? కుండలో చాలకపోతే తల్లి అలాగే అంటుంది. మీ అమ్మ చెయ్యి ఎప్పుడైనా చూశావా? గాజు మోచేతి దాకా ఎక్కుతోంది."

అన్నదమ్ములు ఇంటికి పరుగెత్తి అమ్మ చెయ్యి పట్టుకుని చూశారు. గాజు నిజంగానే మోచేతి దాకా ఎక్కింది. అంతే, ముగ్గురూ గోడకి చేరగిలబడి ఏడ్చారు. "ఇన్నాళ్ళూ అత్త వాటా మనమే తాగేశాం" అని సలోమి కూడా ఏడ్చింది. ఇది మాత్రం నవ్వే సంగతి కాదు, నేనూ నవ్వడం లేదు.

చలికాలం వచ్చేసరికి దేవుడు దయ తలిచాడు. లంకలో వేసిన వంగ, చిక్కుడు విరగకాశాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. నలుగురూ కలిసి పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మగారూ, ఈ క్రిస్మస్‌కి దుబారా చేద్దామనుకుంటున్నాం" అన్నాడు ఇస్సాకు. "అలవాటు లేదు. ఎలా చెయ్యాలో మీరు చెబితే అలాగే చేస్తాం."

పాస్టరమ్మ నవ్వింది. "ఇల్లంతా తెల్లగా సున్నం కొట్టించండి, ఏదీ వదలొద్దు. మీ అమ్మకి మంచి చీర కొనండి. పెద్ద నక్షత్రం కట్టండి. కేకు తెండి, వేటమాంసం పలావు చెయ్యండి. ముఖ్యంగా, ఆ రోజు మీ అమ్మని కాలు కింద పెట్టనివ్వకండి."

ఇంటికొచ్చి అమ్మని కూడా అడిగారు, నీకేం కావాలని. ఎలీసమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాకేం వద్దురా. ఏడాదయింది మనం ఒకరికి పిడికెడు మెతుకులు పెట్టి. పదిమంది కూర్చుని మన అన్నం తింటుంటే కళ్ళారా చూడాలి. వాళ్ళు తిన్నాక నేను తింటా."

అంటే పని ఏముంది, పదిమంది తినాలి, ఆ తరవాత అమ్మ తినాలి. ఇంకెవరింట్లోనైనా ఇది గంటసేపటి పని.

ముందు సున్నం. ఏదీ వదలొద్దన్నారు కాబట్టి వీళ్ళు ఏదీ వదల్లేదు. గోడలకి కొట్టారు, తలుపులకి కొట్టారు, పొయ్యికి, అద్దానికి, నల్లకోడికి, వెలుగుతున్న బల్బుకి కూడా కొట్టారు. పని పూర్తయ్యాక ఏ వస్తువెక్కడుందో ఎవరికీ కనబడలేదు. తెల్ల గోడ పక్కన తెల్ల డేగిసా పెట్టి, సలోమి పూటంతా వెతికింది. చివరికి కాలి బొటనవేలికి దొరికింది.

తరవాత చీర. కొట్టువాడు మంచి పట్టుచీర పరిచి, "ఇది కట్టుకుంటే మీ అమ్మగారిని మీరే గుర్తుపట్టలేరు" అన్నాడు. ఇంకేముంది, అన్నదమ్ములకి చెమటలు పట్టాయి.

"గుర్తుపట్టకపోతే పండగనాడు ఎవరికి పెడతాం అన్నయ్యా?" అన్నాడు తీతు.

అయినా కొట్లో అన్నిటికన్నా ఖరీదైన చీర అదే, దుబారా చేయక తప్పదు. కొన్నారు. కొని కాలవగట్టుకి తీసుకెళ్ళి, పది ఉతుకులు ఉతికారు. జరీ ఊడి, రంగు వెలిసి, అచ్చం అమ్మ పాత చీరలా తయారయ్యాక గానీ వాళ్ళ మనసు కుదుటపడలేదు. ఎలీసమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడుముతూ కూర్చుంది. "ఎంత మెత్తగా ఉందిరా" అంది. ఆవిడ అంతకు మించి అనదు.

కేకు గిద్యోను తెచ్చాడు. దాని మీద ఎలీసమ్మ అని ఎర్ర క్రీముతో రాయించాడు. తీతు అలా కత్తి తెచ్చాడో లేదో, గిద్యోను చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మ పేరు మీద కత్తి పెడతావా? కన్నతల్లిరా." తీతు సిగ్గుపడి కత్తి దాచేశాడు. అంతే, కేకు అలాగే మిగిలిపోయింది.

ఇక నక్షత్రం. ఇస్సాకు బజారులో అన్నిటికన్నా పెద్దది చూసి, "ఇది నడుస్తుందా?" అని అడిగాడు.

"నడవదు బాబూ, వేలాడుతుంది" అన్నాడు అమ్మేవాడు.

"అలాగైతే లాభం లేదు. సండేస్కూల్లో చెప్పారు, అసలు నక్షత్రం ముందు ముందు నడిచి, పండగ ఎక్కడో అక్కడికొచ్చి ఆగిందట. ఊళ్ళో అందరూ గుంజకి కట్టుకుని తప్పు చేస్తున్నారు."

ఊరంతా చేస్తున్న తప్పు తమకొక్కరికే తెలిసినందుకు ముగ్గురూ పొంగిపోయారు. నక్షత్రాన్ని కొని తెచ్చారు. నడిచేది, ఆగేది ఏముందా అని ఆలోచించారు. ఆలోచించగా తీతుకి బస్సు గుర్తొచ్చింది. రోజూ పొద్దున బస్సు వాళ్ళింటి ముందు నుంచి చివరి ఊరికి వెళ్తుంది, మధ్యాహ్నం తిరిగొచ్చి సరిగ్గా వాళ్ళింటి ముందే ఆగుతుంది. ఇంతకన్నా ఏం కావాలి? పండగ పొద్దున బస్సు రాగానే వెనక నిచ్చెనకి నక్షత్రం కట్టేశారు. కండక్టరు పండగ అలంకారం అనుకుని, "బావుందయ్యా" అని రైట్ చెప్పాడు.

అమ్మని కాలు కింద పెట్టనివ్వొద్దు కదా. బస్సు అటు వెళ్ళగానే ఎలీసమ్మని నులక మంచం మీద కూర్చోబెట్టి, తలో కోడు భుజానికెత్తుకున్నారు. గుడికి అలాగే మోసుకెళ్ళారు. ప్రసంగమంతా నలుగురూ మోస్తూనే విన్నారు. పాస్టరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆరాధన అయ్యాక వీధివాళ్ళందరినీ భోజనాలకి పిలిచి, ఇంటికొచ్చారు. అమ్మని మంచం మీదే ఉంచి పలావు ఎక్కించారు. మధ్యాహ్నానికి అది దమ్ముమీదుంది, గుమగుమలు వీధి చివరిదాకా కొడుతున్నాయి. వచ్చేవాళ్ళు చేతులు కడుక్కుని రావడమే ఆలస్యం.

సరిగ్గా అప్పుడు బస్సొచ్చింది. ఇంటి ముందు ఆగింది. "వచ్చిందమ్మా నక్షత్రం" అని గిద్యోను చెప్పేలోగానే ఇద్దరు ఎక్కడం, బస్సు కదలడం అయిపోయాయి. నక్షత్రం తోక ఊపుకుంటూ టౌను వైపు వెళ్ళిపోయింది.

నలుగురూ వీధిలోకి పరుగెత్తి చూశారు.

"పండగ ఇక్కడ కాదన్నమాట" అన్నాడు ఇస్సాకు. "అది ఎక్కడ ఆగితే అక్కడ వడ్డించాలి."

"వచ్చేవాళ్ళు ఇంటికే వస్తారురా" అంది ఎలీసమ్మ మెల్లగా.

"వాళ్ళకీ కళ్ళున్నాయి అత్తా, నక్షత్రం చూసుకుని వస్తారు" అంది సలోమి.

అంతే. పలావు డేగిసా మంచం మీద కాళ్ళ వైపు పెట్టారు, కేకు అమ్మ ఒళ్ళో పెట్టారు, అరిటాకులు పక్కన కట్ట కట్టారు. మంచం భుజాలకెత్తుకుని బస్సు వెంట పరుగు లంకించుకున్నారు.

కాలవ వంతెన దగ్గర ఎదురుగా లారీ వస్తోందని బస్సు ఆగి ఉంది. ఇంకేముంది, నక్షత్రం ఆగిందని మంచం దింపి, ఆకులు పరిచారు. ఆకులు పరిచేసరికి లారీ వెళ్ళిపోయింది, బస్సూ వెళ్ళిపోయింది. ఆకులు చుట్టుకుని మళ్ళీ పరుగు. రైలు గేటు పడితే మళ్ళీ దింపారు. ఈసారి ఆలస్యం చెయ్యకూడదని ముందే వడ్డించేశారు. రైలు వెళ్ళింది, గేటు లేచింది, బస్సు పోయింది. వడ్డించిన పలావంతా మళ్ళీ డేగిసాలోకి ఎత్తారు.

ఎండ ముదిరింది. ఎలీసమ్మ పొద్దున్నించి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పాపం, దుమ్ము తట్టుకోలేక కేకు పక్కన పెట్టి, చీర చెంగు మొహం మీదికి లాక్కుని పడుకుంది. ఇప్పుడు మీరే ఆలోచించండి. నలుగురు మోస్తున్న మంచం, దాని మీద మొహం కప్పుకుని పడుకున్న ముసలామె, మోసేవాళ్ళ కళ్ళలో నీళ్ళు. నీళ్ళెందుకంటే అమ్మ ఇంకా తినలేదని. దారిలో వాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? సైకిళ్ళవాళ్ళు దిగి నడిచారు. చేలల్లో కూలీలు తలగుడ్డలు తీసి వెనకాల చేరారు. ఎవరో పూలదండ తెచ్చి మంచానికి వేశారు.

"చాలా రోజుల్నుంచి బాధపడిందా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"ఏడాదండీ" అన్నాడు ఇస్సాకు. "తప్పంతా మాదే. మేమే కనిపెట్టలేకపోయాం."

"ఊరుకో నాయనా. మరి ఆ డేగిసా ఎందుకు?"

"అమ్మకోసమేనండి."

పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. తను పోయినప్పుడు వెంట ఎవరూ చెంబెడు నీళ్ళైనా పంపరని ఆయన బాధ.

టౌను బస్టాండుకి చేరేసరికి వెనక యాభై మంది ఉన్నారు. డ్రైవరు అప్పటికే ఇంజను ఆపి దిగిపోయాడు. నక్షత్రం ఈసారి నిజంగా ఆగింది. "ఇదేరా పండగ" అని మంచం దింపారు. దింపిన అదురుకి ఎలీసమ్మ లేచి కూర్చుని, చుట్టూ ఉన్న జనాన్ని చూసింది.

"అందరూ భోజనాలకేనా?" అంది.

ఇద్దరు పారిపోయారు. పెద్దాయన ఉన్నచోటే చతికిలబడ్డాడు. మిగిలినవాళ్ళు నిజం తెలిశాక పొట్టలు పట్టుకుని నవ్వారు. ఏడుస్తూ అంత దూరం నడిచొచ్చిన జనం కదా, ఆకలి మీద ఉన్నారు. సిమెంటు అరుగు పొడుగునా బారుగా కూర్చున్నారు. కూలీలు, పూలమ్మే ఆడవాళ్ళు, డ్రైవరు, కండక్టరు, చీపుళ్ళు పక్కన పెట్టి ఊడ్చేవాళ్ళు, అందరూ కూర్చున్నారు. ఒకసారి వడ్డించి ఎత్తిన పలావు అయినా ఎవరూ వంక పెట్టలేదు. కేకు మాత్రం ఎవరూ కొయ్యడానికి వీల్లేదని గిద్యోను అడ్డంగా నిలబడ్డాడు. ఎలీసమ్మ వేలితో తన పేరంతా గీకి నోట్లో పెట్టుకుని, "ఇప్పుడు కొయ్యరా" అంది. అదీ ఆవిడ తెలివి.

ఆవిడ మంచం మీద కూర్చుని అందరూ తినడం కళ్ళారా చూసింది. తరవాత ఒక ఆకు తన ముందుకి లాక్కుంది. ఒకసారి పెట్టించుకుంది, రెండోసారి పెట్టించుకుంది, మూడోసారి అడిగి మరీ వేయించుకుంది. కొడుకులు ముగ్గురూ ముందు కూర్చుని, ఒక్కో ముద్ద లోపలికి వెళ్తుంటే గుటకలు మింగుతూ చూశారు. ఇస్సాకు తనకి ఎప్పుడూ ఇంత కడుపు నిండలేదన్నాడు. వాడు అప్పటికి ఒక్క మెతుకు కూడా తినలేదు.

సాయంత్రం బస్సుకి తిరుగు ప్రయాణం. మంచం బస్సు టాపు మీదికి ఎక్కించారు. అమ్మని కాలు కింద పడకుండా ఎత్తుకెళ్ళి కిటికీ పక్క సీట్లో మఠం వేసి కూర్చోబెట్టారు. ఏడాది తరవాత కడుపునిండా తిన్న ప్రాణం, చల్లగాలి తగిలేసరికి కునుకు పట్టేసింది.

కొత్తలంక రాగానే నలుగురూ బస్సు టాపు ఎక్కి, మంచాన్ని పువ్వులా కిందికి దింపారు. తలో కోడు భుజానికెత్తుకున్నారు. బస్సు కదిలి వెళ్ళిపోయింది.

"అమ్మ తేలిగ్గా ఉందేంటన్నయ్యా?" అన్నాడు తీతు.

ఇస్సాకు మెల్లగా అడుగు వేస్తూ, "పొద్దున ఆకలితో కలిపి మోశాం కదరా" అన్నాడు. "ఇప్పుడది దిగిపోయింది."

సలోమికి ఆ మాటకి కళ్ళు చెమర్చాయి. కుదుపు తగలకుండా నడిచి ఇల్లు చేరారు. గుమ్మంలో పాస్టరమ్మ, వీధివాళ్ళు మధ్యాహ్నం నుంచి కాచుకుని ఉన్నారు. వీళ్ళని చూడగానే ఒక్కసారి లేచి, "మీ అమ్మేదిరా?" అని అరిచారు.

నలుగురూ మంచం కింద పెట్టారు. ఇస్సాకు దాని మీద దుప్పటి కప్పి, నాలుగు వైపులా చలి దూరకుండా సర్దాడు. తరవాత వేలు నోటి మీద పెట్టుకుని అందరినీ కోప్పడ్డాడు.

"మెల్లగా మాట్లాడండి. ఏడాదికి ఇవాళే కడుపునిండా తిని పడుకుంది."