దొరవారి బల్ల, రాయసంగారి అరచెయ్యి

బూరుగుకోట దొర కొండమనాయనివారికి ఉన్నట్టుండి వడ్రంగం మీద మనసు పోయింది. అంతకుముందు ఏడాది వీణ మీద పోయింది. అప్పుడు కోటలో సగంమంది చెవుల్లో దూది పెట్టుకుని తిరిగారు. ఈసారి చెవులకి గండం లేదని అందరూ సంతోషించారు.

మూడు నెలలు చెక్కి, గీకి, బొటనవేలు రెండుసార్లు నలగ్గొట్టుకుని దొరవారు మొత్తానికి ఒక టేకు బల్ల తయారుచేశారు. నాలుగు కాళ్లలో మూడు నేలకి ఆనుతాయి. నాలుగోది ఆనాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది. ఆస్థాన వడ్రంగులు వరసగా నిలబడి, "ఇలాంటిది చెయ్యడం మా వల్ల కాదు ప్రభూ!" అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు పాపం.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పొరుగు సంస్థానం దొర మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడని తెలిసింది. ఇంకేముంది!

"ఈ బల్ల మీదే బొగ్గుల కుంపటి పెట్టించండి. ఆయన కళ్లముందే చువ్వలకి గుచ్చి మాంసం కాలుస్తాను. నేను చేసిన బల్ల, నేను కాల్చిన మాంసం. చచ్చేదాకా చెప్పుకోవాలి!" అన్నారు కొండమనాయనివారు.

వంటశాల పెద్ద మైలారప్ప ముప్ఫై ఏళ్లుగా నిప్పుతో కాపురం చేస్తున్న మనిషి. ఎర్రబడ్డ ఇనుప కుంపటి అడుగు టేకు చెక్కనేం చేస్తుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. నాలుగు ఇటుకలూ, వెడల్పాటి పళ్లెంలో తడి ఇసుకా తెచ్చాడు. ఇటుకల మీద పళ్లెం, పళ్లెంలో కుంపటి. కింద గాలి ఆడుతుంది, పైన ఇసుక వేడిని తాగేస్తుంది. బల్లకి ఢోకా ఉండదు.

సరిగ్గా అప్పుడే రాయసం శింగరాజు ఊడిపడ్డాడు. ఆయన చేతిలో గంటం ఉన్నది దొరవారి ఉత్తరాలు రాయడానికి. నోరున్నది దొరవారిని పొగడ్డానికి. రెండో పనిలో ఆయనకి సెలవులు లేవు.

"అయ్యయ్యో! ప్రభువుల చేతి బల్లకి ఇటుకల కాపలానా? ఆ చేతి మహిమకి నిప్పే చల్లబడుతుంది. ఆ బల్లని ముట్టే ధైర్యం అగ్నికెక్కడిది? ఈ వంటవాడికి మీ పనితనం మీద నమ్మకం లేదు ప్రభూ!"

దొరవారి మీసం నిక్కింది.

"తీసెయ్ మైలారప్పా! నా బల్లకి ఏ అడ్డూ అక్కర్లేదు. అయితే ఒక్కమాట. దాని మీద ఆవగింజంత మచ్చ పడిందో, రేపీపాటికి నువ్వు ఈ ఊళ్లో ఉండవు!"

ఆహా, ఎంత చక్కటి న్యాయం! అడ్డు పెడితే అవమానం, పెట్టకపోతే నేరం. ముప్ఫై ఏళ్ల కొలువు ఒక మచ్చకి వేలాడుతోంది. పొగిడినవాడికి మాత్రం ఏ శిక్షా లేదు. మైలారప్ప చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా నోరు విప్పాడు.

"తప్పయింది ప్రభూ. రాయసంగారు ఇంత గట్టిగా హామీ ఇస్తుంటే నాకెందుకు భయం? కాకపోతే మన కొలువు ఆచారం ఒకటుంది. హామీ ఇచ్చినవాళ్లు ఆ వస్తువు మీద అరచెయ్యి ఆనించి ప్రమాణం చెయ్యాలి కదా! గుర్రాన్ని అమ్మేవాడు దాని వీపు మీద పెట్టి చెబుతాడు, కత్తి చేసినవాడు అలుగు మీద పెట్టి చెబుతాడు."

"అవునవును. ఆచారం ఆచారమే. కానివ్వు శింగరాజూ," అన్నారు దొరవారు.

శింగరాజు రొమ్ము విరుచుకుంటూ వచ్చాడు. "ఎక్కడ పెట్టమంటావోయ్?"

"సరిగ్గా కుంపటి పెట్టేచోట, స్వామీ. మీరు హామీ ఇచ్చింది ఆ చోటుకే కదా!"

శింగరాజు బల్ల నడుమ అరచెయ్యి ఆనించాడు. మైలారప్ప ఇద్దరు నౌకర్లతో కణకణలాడే కుంపటిని ఎత్తించాడు. అది బల్ల మీదకొచ్చి సరిగ్గా ఆ చేతికి జానెడు పైన ఆగింది.

"ఆగు! ఆగవయ్యా! ఇదేమిటి?" అని అరిచాడు శింగరాజు.

"కుంపటి దించుతున్నాను. చెయ్యి కదిపితే ప్రమాణం తప్పినట్టే సుమండీ! బల్లని ముట్టడానికే జంకే అగ్ని, ఆ బల్ల మీదున్న మీ చేతిని ముడుతుందా? ఒరే, దించండిరా!"

"వద్దు! వద్దు! అవేవీ, ఆ ఇటుకలు?"

"ఏ ఇటుకలు, రాయసంగారూ?"

"అవేనయ్యా, ఇందాక నువ్వు తెచ్చినవి! నా చేతికి ఆపక్కా ఈపక్కా పేర్చు! ఇసుక పళ్లెం కూడా పెట్టు! బాగా తడపవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

మైలారప్ప తొందరేమీ లేకుండా నాలుగు ఇటుకలూ పేర్చి, పైన పళ్లెం పెట్టి, ఇసుక తడిపి, అప్పుడు కుంపటిని దింపించాడు. పళ్లెం కింద సందులో శింగరాజు చెయ్యి భద్రంగా ఉంది. దాని కింద బల్ల ఇంకా భద్రంగా ఉంది.

కొండమనాయనివారు కళ్లెర్రజేశారు. "ఏమిటిది? నా బల్లకి అడ్డు వద్దని చెప్పానా లేదా?"

మైలారప్ప వంగి దండం పెట్టాడు.

"ఇటుకలు మీ బల్లకి కావు ప్రభూ, రాయసంగారి చేతికి!"

దొరవారు బల్లని చూశారు, ఇటుకల్ని చూశారు, సందులో ఇరుక్కున్న చేతిని చూశారు. ముందు మీసం వణికింది, తర్వాత బొజ్జ కదిలింది, ఆపైన నవ్వు ఆగలేదు. కొలువంతా గొల్లుమంది. మూడు నెలలుగా నవ్వు బిగబట్టుకున్న వడ్రంగులైతే స్తంభాలు పట్టుకుని మరీ నవ్వారు.

దొరవారు కళ్లు తుడుచుకుని, తన చేతి బంగారు కడియం తీసి మైలారప్ప చేతికి తొడిగారు. "నీ కొలువుకి ఇక తిరుగులేదు పో!" అని శింగరాజు వైపు తిరిగారు.

"చెయ్యి తీస్తావేమయ్యా? అతిథిగారు భోంచేసి లేచేదాకా ప్రమాణం నడవాల్సిందే!"