ఖలందర్ దుర్భిణి

దుర్భిణి చేతికొచ్చిన దగ్గర్నుంచి ఖలందర్‌కి కోపం ఎక్కువైంది.

కృష్ణ ఒడ్డున ఒక చిన్న మసీదు, అందులో ఒక పీరు సాహెబు. ఆ మహానుభావుడి శిష్యుడే ఈ ఖలందర్. వేళకి మినారెక్కి జనాన్ని నమాజుకి పిలవడం అతని పని. ఏం గొంతనుకున్నారు! ఏటికి అవతల వాళ్ళు కూడా చేతిలో పని ఆపేసేవారు. ఆ గొంతుకి మురిసి ఒక ఓడ సరంగు తన ఇత్తడి గొట్టం ఇచ్చి వెళ్ళాడు. పారసీ వాళ్ళు దాన్ని దూర్‌బీన్ అన్నారు, దూరాన్ని చూసేదని. మన నోట పడి దుర్భిణి అయిందండీ.

రంజాను నెల. మిట్టమధ్యాహ్నం. ఖలందర్ మినారు మెట్లు దడదడా దిగొచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

కింద అరుగు మీద పీరు సాహెబు, ఊరి పెద్దలు కూర్చుని ఉన్నారు. నమాజుకని కడుక్కున్న చేతులు ఎప్పుడో ఆరిపోయాయి.

"ఏం ఖలందరూ, పట్టపగలే నెలవంక కనబడిందా?" అన్నాడు ముసలి బాషూసాబు.

"నవ్వకండి చాచా!" అని పీరు సాహెబు వైపు తిరిగాడు. "హజ్రత్, ఆ పడవ నన్నేసాబు అవతలి రేవులో నీళ్ళు తాగుతున్నాడు. ఉపవాసాల నెలలో! గొంతులో గుటక దిగడం కూడా చూశాను!"

పెద్దలు ఆరిపోయిన తమ చేతులకేసి చూసుకున్నారు. దాంతో ఖలందర్‌కి ఇంకా మండింది.

"పొద్దుగూకగానే మన పంక్తిలో కూర్చుని ఖర్జూరం నములుతాడు, సిగ్గులేనివాడు! ఇవాళ వాడు ఈ గడప తొక్కితే నేనుండను. వాడో నేనో తేల్చండి!"

పీరు సాహెబు చెయ్యి చాపాడు. దుర్భిణి అందుకుని, కంటికైనా ఆనించకుండా అరుగు మీద పెట్టాడు. లేచాడు. మోకాళ్ళ నొప్పుల మనిషి, గోడ పట్టుకుని మినారు మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

"మీరెందుకు హజ్రత్? నేను చూపిస్తాగా!"

పీరు సాహెబు ఎక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి పైనుంచి పిలుపు వినబడింది. వణికే గొంతు. మధ్యమధ్య ఊపిరందక ఆగుతోంది. రండి నమాజుకి, రండి నమాజుకి.

అరుగు మీది వాళ్ళు ఒక్కొక్కరే లేచి లోపలికి నడిచారు. బాషూసాబు కూడా ఈసారి నవ్వలేదు.

పీరు సాహెబు దిగొచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఎండకో, కోపానికో, ఆ దేవుడికే తెలియాలి.

"నన్నేసాబు ఏటికి అవతల ఉన్నాడు. కనబడ్డాడు," అన్నాడు. "మేము నీ కాళ్ళ కిందే కూర్చున్నాం, నీ పిలుపు కోసం. మేము కనబడలేదా?"