ఆఖరి కుర్చీ ముందు మైకు

ఓబులేసుకు వచ్చిన చిక్కు చిన్నదే, కానీ వారం రోజులుగా అతనికి తిండి సయించడం లేదు. మూడు మైకుసెట్లు ఉన్నాయి. అందులో ఒకటి కొనాలి. ఏది?

ఆశ్రమానికి ఒక దాత కొత్తగా సమావేశాల గది కట్టించాడు. పొడవాటి బల్ల, చుట్టూ ఇరవై కుర్చీలు, రెండు పక్కలా అద్దాలు, కింద నున్నటి టైల్సు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇల్లు అలకగానే పండగ అవుతుందా? అందులో మాట్లాడితే మాట అద్దాలకు తగిలి తిరిగొచ్చి, వెనక వచ్చే మాటను తోసేస్తుంది. పైగా ఆశ్రమం పెద్ద తిప్పేస్వామికి ఎనభై దాటాయి, గొంతు సన్నబడింది. వెనక కుర్చీల వాళ్ళు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినీ వినీ, ఆదివారం సత్సంగానికి రావడమే తగ్గించారు. స్వామి మాట ఇంకెన్నాళ్ళు వినగలమో ఎవరికి తెలుసు? అందులో ఒక్కటి పోయినా ఆ పాపం తనదేనని ఓబులేసు భయం.

ఎందుకంటే ఆశ్రమానికి రాకముందు అతను పెళ్ళిళ్ళకూ జాతరలకూ మైకుసెట్లు వేసినవాడు. ఓబులేసు మైకు పెడితే చుట్టుపక్కల ఊళ్ళు మేలుకునేవి. ఇక్కడికొచ్చి అన్నీ వదిలేశాడు గానీ ఆ గర్వం ఒక్కటి వదల్లేదు పాపం. శబ్దం సంగతి నాకు చెప్పకండి అంటాడు, ఎవరూ చెప్పకపోయినా.

అంగడాయన తెలిసినవాడు కాబట్టి మూడింటినీ వాడి చూడమని పంపాడు. పెద్ద స్పీకరు పెట్టెల జత చవకే, కానీ ఆ గదికి అది ఏనుగును దొడ్లో కట్టేసినట్టుంది. స్వామి దగ్గితే అద్దాలు అదిరాయి. చొక్కాకు తగిలించే మైకు బాగుంది, కానీ స్వామికి చొక్కా లేదు. ఇక మిగిలింది వైరు మైకూ, దానికో చిన్న పెట్టె. అది చూస్తేనే ఓబులేసుకు నామోషీ.

"ఏది కొందాం స్వామీ?" అని చివరికి అడిగాడు.

"ఆ చిన్నది పెట్టి చూద్దాం నాయనా," అన్నాడు తిప్పేస్వామి.

ఆదివారం ఓబులేసు స్వామి ముందు మైకు పెట్టాడు. పెట్టెను వెనక గోడ దగ్గర, మౌనమ్మ కుర్చీ పక్కన పెట్టాడు.

మౌనమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆమె కొన్ని నెలల కిందట వచ్చింది. ఎవరో పేరడిగితే గొంతు మీద చెయ్యి పెట్టి, దండం పెట్టింది. ఓహో, మౌనవ్రతం అన్నారు ఆశ్రమం వాళ్ళు. వాళ్ళకు తోచేది అదే మరి. మౌనమ్మ అని పేరూ వాళ్ళే పెట్టారు. మెడ చుట్టూ కొంగు కప్పుకుని ఆఖరి కుర్చీలో కూర్చుంటుంది. సత్సంగం చివర స్వామి, "ఎవరైనా ఏమైనా అడగాలా?" అన్నప్పుడు ఆమె పెదవులు కదులుతాయి. జపం అన్నారు. రాను రాను జనం ఆమెకూ కాళ్ళు మొక్కసాగారు. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కుంటే, అదీ వినయమే అన్నారు. అందరికన్నా ముందు మొక్కినవాడు మన ఓబులేసే.

స్వామి మైకును కాసేపు చూశాడు. తర్వాత దాన్ని తీసుకుని, వైరు వెనకే జారుతుంటే, మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి మౌనమ్మ ముందు పెట్టాడు.

"ఆ పెట్టె తెచ్చి నా కుర్చీ పక్కన పెట్టు నాయనా."

"స్వామీ, ఆమెది మౌనవ్రతం," అన్నాడు ఓబులేసు.

"నీతో చెప్పిందా?"

ఓబులేసు నసిగాడు. "జపం చేసుకుంటుంది గదా స్వామీ. పెదవులు కదులుతాయి."

"జపం చేసేవాళ్ళు అయిపోగానే జవాబు కోసం నా మొహం చూడరు నాయనా."

స్వామి తిరిగి వచ్చి కూర్చుని, పెట్టె మీదికి చెవి వంచాడు. "ఎవరైనా ఏమైనా అడగాలా?"

ఓబులేసు పెట్టె మీద శబ్దం పెంచే గుండీ తిప్పాడు. మొదట ఊపిరి వినిపించింది. ఇంకొంచెం తిప్పాడు.

"వ్రతం కాదు సామీ."

అది గొంతు కాదు, గుసగుస. కానీ గదిలో ఏ మూల కూర్చున్నవాళ్ళకైనా పక్కనే ఉండి చెప్పినట్టుంది. ఎన్ని గొంతులను మైకులో వినిపించినవాడు ఓబులేసు! ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. పక్కనున్నాయన తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

"గొంతుకు ఆపరేషన్ చేసినారు. అప్పట్నుంచీ ఇంతే. ఈడికొచ్చినప్పట్నుంచీ అడుగుతానే ఉండా సామీ."

"అడుగు తల్లీ."

"పోయినేడు మా ఆయన పెరట్లో పడిపోయినాడు. తల నా ఒళ్ళో పెట్టుకుంటి. వదిలిపెట్టి లేయలేకపోతి. ఆడ్నుంచే పిలిచినా. గోడవతల మనుషులుండారు సామీ. వాళ్ళు మాట్లాడుకునేది నాకు ఇనపడతాంది. నా పిలుపు వాళ్ళకు ఇనపల్యా."

కాసేపు ఊపిరే వచ్చింది పెట్టెలోంచి.

"ఎవురూ రారని తెలిసినాక ఆయన్నే పిలిచినా. కళ్ళు తెరవల్యా. ఆయనకన్నా ఇనపడిందంటారా సామీ?"

ఓబులేసు తల ఎత్తలేకపోయాడు. ఇన్ని నెలలుగా ఆమె ఈ మాటే అడుగుతుంటే తాను కాళ్ళు మొక్కి వెళ్ళిపోయాడు.

"పెట్టె ఆపు నాయనా," అన్నాడు స్వామి.

ఓబులేసు ఆపాడు. తిప్పేస్వామి బల్ల పట్టుకుని లేచి, మళ్ళీ గది చివరిదాకా నడిచాడు. మైకును పక్కకు జరిపాడు. ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఆమె నోటికి జానెడు దూరంలోకి తన చెవి తెచ్చాడు. ఒళ్ళో తల పెట్టుకున్న మనిషి ఎంత దూరంలో ఉంటాడో, అంత దూరం.

"ఆ పొద్దు ఆయన్ను ఎట్ల పిలిచినావో అట్ల పిలువు తల్లీ."

ఆమె పెదవులు కదిలాయి. అంత నిశ్శబ్దంలోనూ ఓబులేసుకు ఏమీ వినపడలేదు. మిగతావాళ్ళకూ వినపడలేదు.

స్వామి చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత తల ఎత్తాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"విన్నాడు తల్లీ," అన్నాడు.

ఆమె కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకూ చప్పుడు లేదు. అది తీరేదాకా స్వామి అక్కడి నుంచి లేవలేదు.

మిగతా సెట్లు రెండూ ఆ సాయంత్రమే అంగడికి తిరిగిపోయాయి. అంతకు ముందే, జనం ఒక్కొక్కరూ బయటికి పోతుండగా, ఓబులేసు ఆఖరి కుర్చీ దగ్గరికి వచ్చాడు. ఈసారి ఆమె కాళ్ళు మొక్కలేదు. పక్కన నేలమీద కూర్చుని, చెవి ఆమె నోటి దగ్గరికి వంచాడు.

"నీ పేరేందమ్మా?"

ఆమె చెప్పింది. ఓబులేసు విన్నాడు.

"సుంకులమ్మా," అని పిలిచాడు.